పీట దెబ్బ

బుయిఫె నవ్వింది. ఆమె చేసిన నేరం అంతకు మించి ఏమీ లేదు.

ఇదెమిలి ఏటి తల్లి పండగ దగ్గర పడుతోంది. ఈసారి వంశం తరఫున కర్ర పట్టుకుని ముందు నడిచేది తనేనని, ఊరు ఊరంతా తన వంకే చూస్తుందని ఆమె మొగుడు ఒబియెక్వె పెండలం ముద్ద చేత్తో పట్టుకుని చెబుతున్నాడు. చెప్పే హడావుడిలో ముద్ద జారి పులుసులో పడింది. చేదాకు పులుసు చింది గడ్డమంతా పచ్చగా అయింది. ఎవరికైనా నవ్వొస్తుంది. ఎవరు నవ్వినా అది నవ్వే, పెళ్ళాం నవ్వితే మాత్రం తిరుగుబాటు. పక్కనున్న చెక్క పీట తీసి విసిరాడు.

పీట ఆమె ఎడమ కనుబొమ మీద తగిలి, అక్కణ్ణుంచి ఎగిరి నీళ్ళకుండ వెనక పడింది. కుండ పగల్లేదు. కుండ వెనక చల్లదనానికి చుట్ట చుట్టుకుని పడుకున్న న్నే మీద పడింది.

న్నే అంటే అమ్మ. ఆ ఏటి ఒడ్డు ఊళ్ళలో కొండచిలువను పాము అని ఎవరూ అనరు. నోరు జారి అన్నవాడు చెంప మీద ఇంకొకరి చేయి పడకముందే తనే లెంపలేసుకుంటాడు. అది ఏటి తల్లి పంపిన మనిషి, అందుకని న్నే. కన్నతల్లినీ అలాగే పిలుస్తారు, చంటిపిల్లనీ ముద్దుగా అలాగే పిలుస్తారు, మోజు ఉన్నంతకాలం పెళ్ళాన్నీ అలాగే పిలుస్తారు. పెళ్ళైన కొత్తలో ఒబియెక్వె బుయిఫెని అలా పిలిచాడు. ఆ తరువాత ఆ ఇంట్లో ఆ పిలుపు కుండ వెనక పడుకునే అమ్మకి మాత్రమే మిగిలింది.

అది అత్తగారి కాలం నుంచీ ఆ ఇంటికి అలవాటు పడ్డ న్నే. మూడు మూరలు కూడా ఉండదు, మెత్తని స్వభావం. వానలు మొదలవగానే వస్తుంది, పెండలాల కొట్టంలో ఎలుకల్ని తింటుంది, తనకు బుద్ధి పుట్టినప్పుడు పోతుంది. భయం వేస్తే కాటు వెయ్యదు, తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. బుయిఫె కూడా అంతే. అందుకేనేమో ఆ ఇంట్లో ఆమెకు కాస్త దగ్గరైన ప్రాణి అదొక్కటే.

"అయ్యయ్యో, న్నే! న్నే!" అంటూ ఒబియెక్వె ఎంగిలి చేత్తోనే పరుగెత్తాడు. కళ్ళు బైర్లు కమ్ముతున్నా బుయిఫె కూడా వెళ్ళి వంగింది. పీట తీసేసరికి న్నే ఒళ్ళంతా ఎర్రగా ఉంది.

"రక్తం! ఇంత రక్తమా! చచ్చానురా దేవుడా!"

అతని భయం అబద్ధం కాదు. ఎవరి చేతిలోనైనా న్నే ప్రాణం పోతే వాడు మనిషికి చేసినట్టే పెట్టె చేయించాలి, తెల్లగుడ్డ కప్పాలి, ఊరందరినీ పిలిచి ఏడ్చి పాతిపెట్టాలి. అలా పాతిపెట్టినవాడికి పండగలో కర్ర ఇవ్వడం మాట అటుంచి, కర్ర పట్టినవాడి వెనక కూడా నడవనివ్వరు. అందుకని భుజం మీది గుడ్డ లాగి, పసిపిల్లను తుడిచినట్టు తుడిచాడు. తుడిచినకొద్దీ ఎరుపు పోయింది, కింద చిన్న గాయం ఒకటి బయటపడింది. మళ్ళీ ఒక చుక్క టప్పున పడింది. తల ఎత్తి చూశాడు. పై నుంచి కారుతున్నది బుయిఫె కనుబొమ.

"అమ్మయ్య," అన్నాడు ఒబియెక్వె గుండె మీద చెయ్యి వేసుకుని. "నీ రక్తమే."

పీట తగిలినప్పుడు ఏడవలేదు బుయిఫె. ఆ అమ్మయ్య అన్నప్పుడు మాత్రం ఆమెకు కడుపులోంచి దుఃఖం తన్నుకొచ్చింది. దిగమింగింది. దిగమింగడం ఆ ఇంట్లో ఆమె నేర్చుకున్న మొదటి విద్య.

గాయం నడుం దగ్గర ఉంది. వెడల్పు రెండు వేళ్ళు. నాలుగైదు పొలుసులు లేచాయి, ఒకటి ఊడిపోయింది, కింద చర్మం గీరుకుపోయి ఎర్రగా కనబడుతోంది. లోతు లేదు. ఒబియెక్వె అప్పటికే తలనొప్పి బామ్ డబ్బా పట్టుకొచ్చాడు.

"ఇది రాస్తే చల్లగా ఉంటుందే."

"పెట్టకు," అంది బుయిఫె. "మన నొప్పి మందులు దానికి పడవు. ఒంట్లోకి పోతే ఊపిరి ఆగినా ఆగుతుంది."

ఊపిరి అనేసరికి డబ్బా అతని చేతిలోంచి దానంతట అదే పడిపోయింది.

పెళ్ళికి ముందు ఆమె ఒనిత్షా పట్నం బజారులో ఒక మందుల కొట్టులో పనిచేసింది. నీళ్ళు మరగబెట్టి, ముంజేతి మీద పోసుకుని చూసి, వేడి తెలిసీ తెలియకుండా ఉన్నప్పుడు చిటికెడు ఉప్పు వేసింది. దూది ముంచి తల వైపు నుంచి తోక వైపుకి మెల్లగా తుడిచింది. ఎదురు తుడిస్తే లేచిన పొలుసు ఇంకా లేస్తుంది. ఈ సంగతి మాత్రం ఆమె మందుల కొట్టులో నేర్చుకున్నది కాదు. ఏటికి అవతల ఆమె పుట్టిన ఊళ్ళో కొండచిలువను కూర వండుకుంటారు. తోలు ఏ వైపు నుంచి తీస్తే తేలిగ్గా వస్తుందో వాళ్ళ నాన్న చూపించాడు. ఆ తెలివే ఇప్పుడు ఇలా పనికొచ్చింది, కానీ చెప్పుకునే తెలివి కాదు కదా.

అయోడిన్ సీసా అడుగున కొంచెమే ఉంది. దాన్ని నీళ్ళలో పలచటి టీ రంగు వచ్చేదాకా కలిపి గాయం మీద అద్దింది. సీసాలో ఇంకో రెండు చుక్కలు మిగిలితే తన కనుబొమ వైపు వంచబోయింది.

"ఆగాగు," అన్నాడు ఒబియెక్వె. "అది రేపు న్నేకి కావాలి. నీకేం, మనిషివి. ఉప్పునీళ్ళు చాలు."

పెండలాల బుట్ట కడిగి, ఎండబెట్టి, లోపల తెల్లగుడ్డ పరిచి, న్నేని పడుకోబెట్టి, పైన ఇంకో తెల్లగుడ్డ కప్పింది. ఆకులు వద్దు, మట్టి వద్దు, గాయానికి అంటుకుంటాయి. చీమలు ఎక్కకుండా బుట్టను నాలుగు రాళ్ళ మీద పెట్టి, రాళ్ళ కింద నీళ్ళ చిప్పలు పెట్టింది. ఒబియెక్వె కొట్టంలోంచి ఒక ఎలుకను బతికుండగానే తోక పట్టుకుని తెస్తే తిప్పి పంపింది. ఆకలి లేనప్పుడు ఎలుకను వదిలితే అదే గాయాన్ని కొరుకుతుంది. మానేదాకా తిండి లేకపోయినా ఏమీ కాదు, వెచ్చగా, పొడిగా ఉంటే చాలు. ఆమె చెప్పినదంతా అతను విన్నాడు. పెళ్ళైనప్పటి నుంచి ఆమె మాట అంత బుద్ధిగా వినడం అదే మొదటిసారి.

తెల్లారేసరికి వార్త పాకింది. తోడికోడలు చిన్యెలు గుడ్లు పట్టుకుని వచ్చింది. అమ్మకి దెబ్బ తగిలిందంటే ఉత్త చేతులతో రాకూడదు. బుట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చుని మట్టి నుదుటికి రాసుకుంది. తరువాత బుయిఫె ముఖం వంక చూసింది. కనుబొమ వాచి కన్ను సగం మూసుకుపోయింది.

"ఏంటక్కా, ఈసారి తలుపా, గుంజా?"

"పీట."

చిన్యెలు కిసుక్కున నవ్వింది. "పోన్లే, తలుపయితే మార్చలేం, పీటయితే దాచెయ్యొచ్చు."

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట అని ఒక సామెత ఉంది. ఆ సామెత కట్టినవాడి ముఖాన ఎవరూ పీట విసిరి ఉండరు. బుయిఫెకి తోడికోడలి నవ్వు మీద కోపం రాలేదు. చిన్యెలు ఇంట్లో పీటలు లేవు, ఆమె మొగుడు బెల్టు వాడతాడు.

ఎకె సంత నాడు వంశం వాళ్ళు వస్తారని కబురొచ్చింది. ఆ ముందురోజు సాయంత్రం ఒబియెక్వె పొయ్యి దగ్గరికి వచ్చి, ఎప్పుడూ లేనిది, తనే పొయ్యిలోకి పుల్ల ఎగదోశాడు.

"రేపు పెద్దలు అడిగితే పీట నీ చెయ్యి జారిందని చెప్పు."

"నా చెయ్యా?"

"నువ్వు బయటి ఊరిదానివి. తెలీక చేసిందిలే అని వదిలేస్తారు. నేనంటే వదలరు. ఇన్నేళ్ళకి కర్ర మనింటికి వస్తోంది, అది పోతే నీకు మాత్రం మంచిదా? ఒక్క మాట. నీ సొమ్మేం పోయింది?"

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. ఇక్కడ కుండ కొట్టింది మొగుడు, అది కొత్త కుండో పాత కుండో తేల్చుకోవలసింది మాత్రం పెళ్ళాం. బుయిఫె సరే అనలేదు, కాదనలేదు. సరే అనాలనే మనసులో ఉంది నిజానికి. ఒక్క మాటతో ఇంట్లో కొన్నాళ్ళు గొడవ ఉండదంటే ఆమె అంతకన్నా పెద్ద అబద్ధాలే ఆడింది.

అన్నం వేళ దాటాక తల పోటు ఎక్కువై లోపల చాప మీద పడుకుంది. కన్ను మూతపడుతుండగా గుమ్మం అవతల అతని గొంతు వినిపించింది. మెత్తగా, ఆమె మరిచిపోయిన గొంతు.

"న్నే. న్నే, క్షమించు. నొప్పిగా ఉందా? నా చెయ్యి విరిగిపోను. కోపంలో కళ్ళు కనబడలేదు. ఇంకెప్పుడూ ఈ ఇంట్లో నీ మీద చెయ్యి పడదు, ఒట్టు."

బుయిఫె గుండె కరిగి నీరయింది. ఎన్నాళ్ళకి విన్నది ఆ పిలుపు! పీట, రక్తం, అమ్మయ్య అన్న మాట, అన్నీ ఆ ఒక్క పిలుపుతో కొట్టుకుపోయాయి. లేచి కూర్చుని, చీకట్లోనే తలగుడ్డ సర్దుకుని, "తగ్గింది లేవయ్యా," అంది. "అంత నొప్పేం లేదు. లోపలికి రా."

"నీతో కాదు," అన్నాడు ఒబియెక్వె. "న్నేతో. పడుకో."

ఆ రాత్రి ఆమె పడుకోలేదని వేరే చెప్పక్కర్లేదు. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. పిలవని పేరంటానికి వెళ్ళినదానికి కూడా అంత సిగ్గు ఉండదు.

మర్నాడు వాకిట్లో బల్లలు వేశారు. వచ్చినవాళ్ళ మర్యాదకి కోలా కాయలు పగిలాయి, కల్లు కుండ దిగింది. మగవాళ్ళు ఒక వైపు కూర్చున్నారు. ఇంకో వైపు వంశపు ఆడపడుచులు కూర్చున్నారు. వాళ్ళందరిలో పెద్దది ఒగ్బెయాలు. ఒబియెక్వెకి మేనత్త. ఆమె మాట అంటే మగపెద్దలు కూడా కల్లు చిప్ప కింద పెట్టి వింటారు.

ఒబియెక్వె లేచి గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడది బయటి ఊరు. మన పద్ధతులు ఇంకా ఒంటబట్టలేదు. పీట తీస్తుంటే చెయ్యి జారింది."

"వాళ్ళ ఊళ్ళో అయితే చెయ్యి జారదు, అమ్మ కూరై నోట్లోకే జారుతుంది," అన్నాడు మూల కూర్చున్న ఒకాయన. మగవాళ్ళంతా నవ్వారు.

"నువ్వు చెప్పు, పిల్లా," అంది ఒగ్బెయాలు.

బుయిఫె లేచింది. నిన్న సాయంత్రం దాకా నాలుక మీద ఉన్న అబద్ధం గుమ్మం అవతలి ఆ గొంతుతో పాటే పోయింది. తలగుడ్డ ముడి విప్పి కనుబొమ అందరికీ చూపించింది.

"చెయ్యి జారితే పీట కాళ్ళ మీద పడాలి కదమ్మా. ముందు ఇక్కడ పడింది. ఇక్కణ్ణుంచి న్నే మీద పడింది. నేను నవ్వాను, ఆయన విసిరాడు."

ఒగ్బెయాలు పీట తెప్పించింది. దాని అంచు బుయిఫె కనుబొమ దగ్గర పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది. పీటను చేత్తో తూచింది.

"ఈ నుదురు అడ్డం లేకపోతే ఈ బరువుకి న్నే నడుం విరిగేది," అంది.

"అయితే న్నేని కాపాడింది ఈ పిల్ల నుదురన్నమాట!" అన్నాడు వంశపెద్ద ఆనందంగా. అందరూ అవునవునన్నారు. బయటి ఊరిదైనా మంచి నుదురే అని మెచ్చుకున్నారు. ఇందాక నోట్లోకి జారుతుందన్న ఆయన కూడా మెచ్చుకున్నాడు.

తీర్పుకి ఎక్కువసేపు పట్టలేదు. ఒబియెక్వె తెల్ల కోడిపెట్ట, తెల్లగుడ్డ, సుద్దముక్కలు తెచ్చి, బుట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమని అడగాలి. పండగ నాటికి న్నే పూర్తిగా మానితే కర్ర అతనిదే. దెబ్బ తిన్న అమ్మను ఇంట్లో పెట్టుకుని ఊరి ముందు ఎలా నడుస్తాడు? మానకపోతే కర్ర తమ్ముడికి. చెప్పేసి లేవబోయారు.

"మరి దీనికి?" అంది బుయిఫె. ఆమె వేలు కనుబొమ మీద ఉంది.

వంశపెద్ద నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "దానికేముందమ్మా? మొగుడూ పెళ్ళాల మధ్యది. మేం వేలు పెట్టం. రెండు రోజుల్లో అదే మానుతుంది."

ఒగ్బెయాలు ఆమెను దగ్గరికి లాక్కుని, ఊడిన తలగుడ్డ తనే కట్టింది. కడుతూ తన తలగుడ్డ అంచు ఒక్క వేలితో పైకి జరిపింది. చెవి పై నుంచి నెత్తి దాకా వెంట్రుక మొలవని గీత ఒకటి తెల్లగా ఉంది.

"దీనికీ ఏ ఆచారం లేదే," అంది బుయిఫెకి మాత్రమే వినబడేట్టు. తరువాత అందరికీ వినబడేట్టు గొంతు పెంచింది. "ఒరే ఒబియెక్వె! న్నే మానేదాకా ఈ ఇంట్లో గొంతు లేవకూడదు, చెయ్యి లేవకూడదు. అమ్మ బెదిరితే గాయం ముదురుతుంది. కడిగే చెయ్యి ఒక్కటే ఉండాలి, అది ఈ పిల్లది. ఆమె తప్ప బుట్ట మీది గుడ్డ ఎవరూ ఎత్తకూడదు. విన్నావా?"

"విన్నానత్తా."

ఆ తరువాతి రోజుల్లాంటివి బుయిఫె ఆ ఇంట్లో ఎన్నడూ ఎరగదు. పులుసులో ఉప్పు ఎక్కువైతే ఒబియెక్వె నీళ్ళు కలుపుకుని తిన్నాడు. కోపం వస్తే పళ్ళు కొరుకుతూ వాకిట్లోకి పోయి మేకను తిట్టాడు, అదీ గుసగుసగా. బుయిఫె తన చాప తెచ్చి బుట్ట పక్కనే వేసుకుంది. ఆమె మీద ఏది విసిరినా అది న్నే మీద పడే ప్రమాదం ఉంది మరి. ఉదయం, సాయంత్రం గోరువెచ్చని నీళ్ళు, దూది, ఒబియెక్వె సంతలో కొనుక్కొచ్చిన కొత్త అయోడిన్. పీటలన్నీ అతనే కొట్టంలో పెట్టి తాళం వేశాడు.

అయితే ఆమె చేతి చలవ మంచిది, అదే వచ్చిన చిక్కు. లేచిన పొలుసులు సర్దుకున్నాయి. ఎరుపు పోయి, పక్కు కట్టి, పక్కు రాలింది. న్నే కళ్ళు పాలరంగు తిరిగాయి, అంటే కుబుసం విడిచే రోజులు. కుబుసంతో పాటు గాయం గుర్తు కూడా పోతుంది. గాయం పోతే మళ్ళీ పీటలు కొట్టంలోంచి వస్తాయి. పైగా కర్ర కూడా అతని చేతికి వస్తుంది. ఊరంతా చూస్తుండగా ముందు నడిచి, ఇంటికొచ్చి ఆ కర్రనే మూల పెడతాడు. ఆ మూల ఆమె వంట చేసే చోటికి ఎంతో దూరం లేదు.

ఒక మధ్యాహ్నం అతను పొలంలో ఉండగా గుడ్డ ఎత్తి చూసింది. కుబుసం పూర్తిగా ఊడి బుట్టలో పడి ఉంది. న్నే నిగనిగలాడుతోంది. నడుం దగ్గర వెంట్రుకంత గీత తప్ప ఏమీ లేదు. బుయిఫె బొటనవేలు ఆ గీత మీద ఆగింది. గోరుతో ఒక్కసారి గట్టిగా నొక్కితే చాలు. మాన్పడం తెలిసిన చేతికి రేపడం తెలియకపోదు. న్నే తల ఎత్తి ఆమె ముంజేతి మీద పెట్టుకుంది, అక్కడ వెచ్చగా ఉంటుందని. ఆమె వేలు తీసేసింది. తన మీదే తనకు అసహ్యం వేసింది. ఆ ఇంట్లో ఇంకొన్నేళ్ళుంటే ఆ పని కూడా చేసేదేమో.

బుట్టను కొట్టం వెనక్కి మోసుకెళ్ళి పక్కకి వంచింది. న్నే గడప దాటే కోడలిలా వెనక్కి చూస్తూ ఏమీ పోలేదు. తనకు బుద్ధి పుట్టింది, గడ్డిలోకి జారి పోయింది. కుబుసాన్ని బుయిఫె అక్కడే గొయ్యి తీసి పూడ్చింది. బుట్ట తెచ్చి మళ్ళీ నాలుగు రాళ్ళ మీద పెట్టి, చిప్పల్లో నీళ్ళు నింపి, పైన తెల్లగుడ్డ కప్పింది.

సాయంత్రం ఒబియెక్వె కాళ్ళు కడుక్కుంటూ అడిగాడు. "ఎలా ఉంది న్నేకి?"

"ఇంకా మానలేదు," అంది బుయిఫె. పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

మర్నాడూ అడిగాడు, ఆ మర్నాడూ అడిగాడు. పండగ దగ్గరయ్యే కొద్దీ పూటపూటకీ అడిగాడు. చివరికి తట్టుకోలేక మేనత్తను పిలుచుకొచ్చాడు. "నువ్వొకసారి చూడత్తా. నా ప్రాణం పోతోంది. ఇంత చిన్న గాయం ఇన్నాళ్ళు మానదా?"

ఒగ్బెయాలు బుట్ట పక్కన నిలబడింది. గుడ్డ ఎత్తలేదు, ఎత్తకూడదని నియమం పెట్టిన మనిషి తనే. "ఇక్కడ ఎండ పడుతోంది, కాస్త లోపలికి జరుపుదాం," అంటూ వంగి రెండు చేతులా బుట్టను ఎత్తింది. బరువుకి సిద్ధపడ్డ చేతులు ఒక్కసారిగా పైకి లేచిపోయాయి.

ముసలామె బుయిఫె వంక చూసింది. బుయిఫె నేల చూపులు చూస్తోంది. ఇప్పుడు ఈమె ఒక్క మాట అంటే అంతా అయిపోతుంది.

ఒగ్బెయాలు మోయలేనంత బరువు ఎత్తినట్టు ఆయాసపడుతూ బుట్టను మెల్లగా కింద పెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా లేచింది.

"మానలేదురా," అంది.

"ఇంకెన్నాళ్ళత్తా?"

ముసలామె తలగుడ్డ సర్దుకుంది. "కొన్ని మానవు, నాయనా. కర్ర నీ తమ్ముడికి ఇమ్మని చెబుతాలే."

ఆమె వెళ్ళిపోయాక ఒబియెక్వె బుట్ట ముందు కూలబడ్డాడు. నుదురు నేలకు ఆనించి ఏడ్చాడు. బుట్టకి అటు పక్క, చాప మీద, బుయిఫె దూది పట్టుకుని కూర్చుని ఉంది. అతని తల సరిగ్గా ఆమె కాళ్ళ ఎదురుగా ఉంది.

"న్నే, క్షమించు," అన్నాడు. "ఇంకా నొప్పిగా ఉందా, న్నే?"

ఈసారి బుయిఫె పలకలేదు. దూదిని గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండి, తెల్లగుడ్డ అంచు కొంచెం ఎత్తి లోపలికి చెయ్యి పెట్టి, ఖాళీ బుట్టలో తల వైపు నుంచి తోక వైపుకి మెల్లగా తుడిచింది.